మా ఆయన రక్తంలో పాతాళ గరిగె

ఢిల్లీ ద్వారకలో మా అబ్బాయి ఇంట్లో ఉండగా మా ఆయనకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరం పట్టుకుంది. పరీక్ష చేయిస్తే రక్తం కూడా తక్కువన్నారు. నాకు అర్థమైంది ఆ రెండో మాటే. ఒంట్లో రక్తం లేని మనిషి జ్వరంతో ఏం పోట్లాడతాడు? ఐరన్ టానిక్ చెంచాలో వంచుతుంటే మా కోడలు వచ్చి సీసా లాక్కుంది. ఆమె ఆసుపత్రిలో నర్సు.

"జ్వరం తగ్గేదాకా ఇది ఆపమన్నారు కదా డాక్టరు గారు, అత్తయ్యా."

"రక్తం లేదన్నది ఆయనే, రక్తం పట్టే మందు వద్దన్నదీ ఆయనేనా? ఏం వైద్యమే ఇది?"

మంచం మీద మా ఆయన ముఖం వికసించింది. ఆ టానిక్ తాగితే తుప్పు మేకు చప్పరించినట్టుంటుందని ఆయన బాధ. "డాక్టరు మాట వినాలి," అన్నారు నీరసంగా. పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఏ డాక్టరు మాటా విన్నట్టు నాకు గుర్తు లేదు.

కోడలు పక్కన కూర్చుని చెప్పింది. జబ్బు చేసే క్రిములకూ ఇనుము కావాలట. అది మన ఒంట్లో ఊరికే దొర్లుతూ దొరకదు. మోసుకుపోయేవాళ్ళ చేతుల్లోనో, కొట్లలోనో ఉంటుంది. క్రిములు దిగాయని తెలిస్తే ఒళ్ళు ఆ కొట్లకు ఇంకో తాళం వేస్తుంది.

"మరి వాటికెలా దొరుకుతుందే?"

"కొన్ని ఎర్ర కణాల్ని పగలగొట్టేస్తాయి. కొన్నేమో చిన్న చిన్న కొక్కేల్లాంటివి చేసి బయటికి వదుల్తాయి. అవి ఐరన్ పట్టుకొస్తే లోపలికి లాక్కుంటాయి, బస్, అంతే."

"అయితే పాతాళ గరిగె అను."

"అదేంటి?" అంది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, బావి ఎక్కడ చూసింది? బిందె బావిలో పడితే తాడు కట్టి దింపే కొక్కేల గుత్తి అని చెప్పాను. మా వీధికంతా ఒక్కటే ఉండేది. ఆ ఇంటావిడ మన చెంబు తాకట్టు పెట్టుకుంటే గాని ఇచ్చేది కాదు. ఓసారి మా అమ్మ నడుం పడిపోయేలా గాలించి బిందె పైకి తీస్తే, పక్కింటావిడ వచ్చి అది తనదేనని చంకనెత్తుకుపోయింది.

కోడలు పడీపడీ నవ్వింది. "అలాంటి క్రిములూ ఉన్నాయి అత్తయ్యా, పక్కవాళ్ళ కొక్కెం తెచ్చింది లాగేసుకునేవి. మన ఒంట్లో కొక్కేల్ని పట్టేసే కాపలా కూడా ఉంది. దానికి దొరక్కుండా కొన్ని కొక్కెం ఆకారమే మార్చేస్తాయి."

"ఇంత తెలివి పెట్టుకుని మూత్రంలో కాపురమేమిటే వాటికి?"

ఎందుకైనా మంచిదని ఆయన దిండు కింద నేను పెట్టిన ఇనప తాళంచెవి తీసేశాను. ఇనుముంటే దయ్యాలు దగ్గరికి రావని మా పెద్దవాళ్ళ మాట. ఇవి చూస్తే ఇనుమున్న చోటికే వచ్చేరకం.

"అది బీరువా తాళం అత్తయ్యా, మామయ్య రక్తంలోది కాదు. పెట్టేయండి," అంది కోడలు.

నవ్వులు నవ్వులే గాని, ఇన్ఫెక్షన్ మందు మొదలైనా జ్వరం వెంటనే దిగలేదు. ఆయన మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా వణుకుతుంటే నా చెయ్యి టానిక్ సీసా వైపే లాగేది. ఇస్తే ఆయనకు బలమా, వాటికి విందా? ఎన్నోసార్లు అలమర దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. జావ కాచాను, అన్నం మెత్తగా పిసికి పెట్టాను. తిండికి అడ్డు లేదని కోడలు చెప్పింది కనుక బతికాను.

జ్వరం దిగింది. మందులు పూర్తయ్యాక మళ్ళీ పరీక్ష చేసి, ఇక టానిక్ ఇవ్వొచ్చన్నారు. చెంచా పట్టుకుని వెళ్ళేసరికి మా ఆయన తన నుదుటి మీద తానే చెయ్యి పెట్టుకుని ఉన్నారు.

"ఇంకా ఒకటో రెండో మిగిలుంటాయే. పాపం, వాటికి పెట్టడమెందుకు?"

"నోరు తెరవండి."

మింగారు. ముఖం వంకర్లు తిప్పి, నోటికి పంచదార తెమ్మని, తేవడానికి ఇంతసేపా, నడుస్తున్నావా పాకుతున్నావా అని ఇల్లెగిరేలా కేకలేశారు. ఆ గొంతులో సత్తువ చూసి, మరి కాసేపు నెమ్మదిగానే నడిచాను.