ఆదివారమే మరిగే జీపు

మా సంఘం జీపు ఆదివారాల్లో మాత్రమే మరిగేది. ఘాటు రోడ్డు సగం ఎక్కేసరికి బానెట్ కింద నుంచి ఆవిరి లేచేది. కొండ కింది ఊళ్ల ముసలివాళ్లు దిగి, మిగతా దారి నడిచి, ఆరాధన ముగిసే వేళకు కొండ మీది చర్చికి చేరేవారు. పట్నం మెకానిక్ చూసి ఇంజన్‌లో హెడ్ గ్యాస్కెట్ పోయింది, బాగుచేయాలంటే చాలా ఖర్చన్నాడు. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే జీపును అమ్మేయాలని పెద్దలు తీర్మానించారు. అమ్మితే డ్రైవరుకు పని పోతుంది, ఆ ముసలివాళ్లకు చర్చి దూరమవుతుంది.

అరకు రోడ్డు పక్కన నాకు బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. విచారించకుండా తీర్పు చెప్పకూడదని చిన్నప్పుడే బైబిలు వాక్యంలో నేర్పారు. జీపును విచారించినవాళ్లు లేరనిపించి, నా దగ్గరకు తెమ్మన్నాను.

ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాను. గ్యాస్కెట్ పోయి నీళ్లు కలిస్తే ఆయిల్ పాలు పోసిన టీలా మారుతుంది. ఇందులో నీటి జాడే లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించాను. గ్యాస్కెట్ పోతే నీళ్లలో రావాల్సిన బుడగలు రాలేదు. ఫ్యాన్ బెల్టు బిగువుగా ఉంది. ఖాళీ జీపును ఘాటు పైదాకా తోలించాను. వేడి చూపే ముల్లు సగం దాటలేదు.

సంఘపెద్ద నవ్వాడు. "ఒట్టి బండి ఎక్కితే గొప్పేటే గుంటా? ఆదివారం రా, తెలుస్తాది."

"వత్తాను పెద్దయ్యా. ఇంజన్ బాగానే ఉంది. కాదని తేలితే నా షెడ్డులో రెంచీలూ పానాలూ అన్నీ నువ్వే పట్టుకెళ్లు."

ఆదివారం పొద్దున్నే కొండ కింది ఊరు వెళ్లి, జనం ఎక్కడం చూస్తూ నిలబడ్డాను. అది కొండచీపుళ్ల కాలం. తొలిపంట కానుకగా తెచ్చిన చీపురు కట్టలను జీపు ముందు గార్డుకు ఒకదానిపై ఒకటి పేర్చి తాళ్లతో బిగించారు. రేడియేటర్ ముందున్న జాలీ పూర్తిగా కప్పుకుపోయింది. నాకప్పుడే అర్థమైంది. అయినా నోరెత్తలేదు. మా పెద్దలు నా మాట కన్నా ముల్లు మాటే నమ్ముతారు.

సగం ఘాటులో ఆవిరి లేచింది. అందరూ దిగారు. నేను మాతోపాటే వచ్చిన పెద్దయ్య చెయ్యి పట్టుకుని కట్టల వెనక్కి దూర్చాను.

"గాలి తగుల్తందా?"

"నేదు."

"మరి రేడియేటర్‌కి ఎలా తగుల్తాది? ఇప్పండి ఇవి."

"కానుక ఎనకేత్తావేటి? దేవుడి భాగం ముందుండాల. తాతల్నాటి నుంచీ అంతే."

"ఎనక్కొద్దు పెద్దయ్యా, పైకెట్టండి. మనందరి నెత్తి మీదుంటాది."

రోడ్డు పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ అందుకుంది. "దేవుడు పైనే ఉంటాడు గదరా! ఆయన పేరు సెప్పి బండికి ఊపిరాడకుండా సేసినావు. ఇప్పు బేగి!"

పెద్దయ్యే తాళ్లు విప్పాడు. ఇంజన్ చల్లారాక నీళ్లు పోసి, అంతే జనంతో, అవే కట్టలను టాపు మీద వేసుకుని కదిలాం. డ్రైవరు రోడ్డునూ ముల్లునూ మార్చి మార్చి చూస్తూ తోలాడు. పైదాకా ముల్లు సగం దాటలేదు. ముసలివాళ్లు చర్చి గుమ్మం దగ్గర దిగేసరికి ప్రసంగం ఇంకా మొదలుకాలేదు.

ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ పెద్దయ్య లేచాడు. "బండి మంచిదే. మనమే దానికి గాలి తగలనీనేదు. కనిపెట్టింది మన సంఘం ఆడపిల్ల," అన్నాడు. అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అతిశయించకూడదని వాక్యం నాకు నేర్పింది. దేవుడిచ్చిన చేతులు ఆయన మందకు పనికొచ్చిన రోజున కాస్త అతిశయిస్తే ఆయన కోప్పడడనుకున్నాను. ఆ ఉదయం ఆడవాళ్ల వరసలో తలెత్తుకునే కూర్చున్నాను.