పళ్ళకి జ్వరం

జ్వరం బాబాయికి ఉన్నది ఒకటే అలవాటు. కనబడ్డ ప్రతిదానికీ ఎడమచేతి వెనకవైపు ఆనించి, జ్వరం ఉందో లేదో చూస్తాడు. మనుషులకి మాత్రమే చూస్తే ఎవరూ ఏమీ అనుకోకపోదురు. ఆయన తలుపు గొళ్ళేనికి చూస్తాడు, కారు బానెట్‌కి చూస్తాడు, ఎవరైనా కుర్చీ వేసి కూర్చోమంటే ముందు కుర్చీకి చూస్తాడు. ఒక పెళ్ళిలో చెయ్యి కలపబోయిన పెళ్ళికొడుకు చేతిని వదిలి, అతని నుదురు తాకి, "కొంచెం ఉన్నట్టుంది" అన్నాడు. ఆడపెళ్ళివాళ్ళు భోజనాల మధ్యలోంచి చేతులు కడుక్కోకుండా లేచొచ్చారు. ఇప్పటికీ ఆ పెళ్ళికొడుకు ఈయన్ని చూస్తే నుదుటి మీదకి జుట్టు దువ్వుకుంటాడు.

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం కూడా అలాంటిదే. వైన్ ఫ్యాక్టరీ యార్డులో, తోటలనుంచి లారీల్లో వచ్చే ద్రాక్షని దింపించుకునే పని. కోసిన తర్వాత కూడా పండుకి ప్రాణం ఉంటుందని ఆయన నమ్మకం, అందులో తప్పేమీ లేదు. పొద్దెక్కకముందే కోసి నీడపట్టున తెస్తే పండు వాసన పండులోనే ఉంటుంది. ఎండలో నిలబెట్టిన లారీలో, నిండుగా కుక్కిన క్రేట్లలో అడుగు పళ్ళు చిట్లుతాయి, కారిన రసం వేడికి పులవడం మొదలెడుతుంది, ట్యాంకులోకి చేరేసరికి ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. అందుకే బాబాయి ప్రతి క్రేటుకీ చెయ్యి ఆనించి, వేడిగా ఉన్నవాటిని ముందు చల్లగదికి పంపేవాడు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా తర్వాతి మాట దగ్గర. జ్వరం వచ్చిన వాళ్ళని ఒంటరిగా వదలకూడదట. అందుకని ఆ పళ్ళు తెచ్చిన మనిషి చల్లగదిలో వాటి పక్కన కూర్చోవాలి. ఆ గదిలో రెండు స్టూళ్ళు, ఒక నీళ్ళ కుండ, మేకుకి తగిలించిన రెండు పాత దుప్పట్లు ఉండేవి. కొత్తగా వచ్చిన డ్రైవర్లు దుప్పట్లు పళ్ళకి కప్పాలేమో అనుకుని కప్పబోయి చీవాట్లు తినేవాళ్ళు.

ఆ సీజనులోనే ఫ్యాక్టరీ ల్యాబులో చేరిన అమ్మాయికి ఈ సంగతులన్నీ చిన్నప్పటినుంచీ తెలుసు. ఊరందరికీ ఆయన జ్వరం బాబాయి, ఆమెకి మాత్రం నిజంగానే బాబాయి, తండ్రికి స్వయానా తమ్ముడు. పళ్ళలో తీపెంత, పులుపెంత చూసి ఏ తోట ఎప్పుడు కోయాలో చెప్పడం ఆమె పని. ఆయన్ని వెంటబెట్టుకుని తోటకి వెళితే తల ప్రాణం తోకకొచ్చేది. సాయంత్రపు ఎండ పడేవైపు ఆకులు తీసేస్తే పండు తోలు మాడిపోతుందని తోట మేస్త్రీతో వాదిస్తూ, ఒక్కో గుత్తికీ చెయ్యి ఆనించుకుంటూ పోయేవాడు. గుత్తులు అయిపోతే మేస్త్రీకి చూసేవాడు.

సీజను ముదిరింది. ఎండ నిప్పులు కక్కుతోంది. లారీల వరుస గేటు దాటి రోడ్డెక్కింది. ముందు లారీ డ్రైవరు చల్లగదిలో దుప్పటి కప్పుకుని పళ్ళకి కాపలా కూర్చుంటే, వెనక లారీల్లో మంచి సరుకు ఎండలో ఉడికిపోతోంది. మేనేజరు ఆమెని పిలిచి, బాబాయి జ్వరం అన్న ప్రతి లోడుకీ థర్మామీటరు పెట్టి చూడమన్నాడు. పళ్ళు నిజంగా వేడిగా ఉంటే సరే, లేకపోతే ఆయన్ని సీసాల గోదాముకి మార్చేస్తానని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు.

"సీసాలకి జ్వరం రాదు కదమ్మా" అన్నాడు మేనేజరు, నవ్వకుండా.

బాబాయికి పెళ్ళాం బిడ్డల్లేరు. యార్డే ఇల్లు, లారీలవాళ్ళే చుట్టాలు. ఆ మనిషిని తీసుకెళ్ళి తలుపులేసిన గోదాములో కూర్చోబెడితే నెల తిరక్కుండా మంచం పడతాడని ఆమెకి తెలుసు.

మర్నాటినుంచి ఆయన వెనకే నడుస్తూ, ఆయన చెయ్యి తీసిన చోటల్లా థర్మామీటరు గుచ్చింది. చూసినకొద్దీ ఆమె మనసు కుంగింది. తెల్లవారకముందే కోసి, తడిగోనెలు కప్పి తెచ్చిన ఒక లోడు నూతినీళ్ళలా ఉంది. బాబాయి దానికి మంచి జ్వరమన్నాడు. ఇంకో లోడు కాలిపోతోంది. దాన్ని చల్లగదికి పంపాడు గానీ, తెచ్చిన కుర్రాడు ఈలేసుకుంటూ నిలబడితే, తోడు అక్కర్లేదు పొమ్మన్నాడు. ఆయన జ్వరం అన్నవాటిలో సగానికి జ్వరం లేదు. చేతికి వయసొచ్చిందనుకుంది. అనుకున్నందుకు బాధపడింది కూడా.

ఉండబట్టలేక అడిగింది. పొద్దుటి లోడు చల్లగా ఉందని థర్మామీటరు చూపించింది. ఆయన ముందు థర్మామీటరుకి చెయ్యి ఆనించి చూశాడు.

"దీనికి లేదులే" అని వెనక్కిచ్చి, తర్వాతి లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

లెక్క అప్పజెప్పాల్సిన రోజు ఎండ ఇంకా పెట్రేగింది. చీకటితో వచ్చి యార్డులో నిలబడ్డ అమ్మాయి మిట్టమధ్యాహ్నం దాకా ఏమీ తినలేదు. చెవుల్లో తేనెటీగలు తిరుగుతున్నట్టుంది. అయినా ఎవరితోనూ అనలేదు. అప్పుడే దిగిన లోడుకి బాబాయి చెయ్యి ఆనించాడు. తిరిగి వస్తూ, చెమటకి ఆమె నుదుటికి అంటుకున్న వెంట్రుకలు తీస్తున్నట్టు అదే చెయ్యి ఆమె నుదుటికి తాకించాడు.

"వీటికి బాగా ఉంది. తోడు నువ్వు కూర్చో."

ఆ పళ్ళు తను తెచ్చినవి కావంది. ల్యాబువాళ్ళు కూర్చోకూడదని రూలేమీ లేదన్నాడు. వాదించే ఓపిక లేక వెళ్ళింది.

చల్లగదిలో మొదటి స్టూలు మీద ఒక నడివయసు డ్రైవరు దుప్పటి కప్పుకుని, ఆసుపత్రిలో పక్క మంచాన్ని చూసినంత శ్రద్ధగా క్రేట్లని చూస్తున్నాడు. ఆమె నీళ్ళు తాగింది, మళ్ళీ తాగింది, దుప్పటి కప్పుకుంది. కాసేపటికి తేనెటీగలు వెళ్ళిపోయాయి. అప్పుడు గుర్తొచ్చి, తను తోడు కూర్చున్న పళ్ళలో థర్మామీటరు పెట్టింది. చల్లగా ఉన్నాయి. ఇంత త్వరగా చల్లబడే పళ్ళు ఎక్కడా లేవు. డ్రైవరు తెచ్చినవాటికీ పెట్టింది. అవీ అంతే. మొన్న నూతినీళ్ళ లోడు తెచ్చిందీ అతనే.

"మావాటికి తగ్గిందా అమ్మా? నేను ఇంకో ట్రిప్పు వెయ్యాలి" అన్నాడతను. పెదాలు ఇంకా ఎండిపోయే ఉన్నాయి.

ఆమె థర్మామీటరు జేబులో పెట్టుకుంది. "ఇంకా కొంచెం ఉందండీ. కూర్చోండి" అంది.

బాబాయి తలుపు తోసుకుని వచ్చి అలవాటుగా గోడకి చెయ్యి ఆనించాడు. ఆమె ఆయన్ని పక్కకి పిలిచి, జ్వరం పళ్ళకి కాదు కదా అని మెల్లిగా అడిగింది.

ఆయన డ్రైవరు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఒంట్లో బాగాలేదు, కూర్చోరా అంటే ఒక్కడూ కూర్చోడమ్మా. నాకేం కాలేదంటాడు. మీ నాన్నా అలాగే అన్నాడు. అదే పండుకి బాగాలేదని చెప్పు, పొద్దుగూకేదాకా కదలరు."

నాన్న సంగతి ఆమెకి తెలుసు. ఇలాంటి ఎండలోనే లోడు దింపి, నాకేం కాలేదని రెండో లోడు తెస్తూ, కళ్ళు తిరిగి లారీని గోతిలో దించాడు. అప్పటినుంచి కుంటుతూనే నడుస్తాడు. కాలెలా ఉందని ఎవరైనా అడిగితే, ఆ రోజు ఒలికిపోయిన పళ్ళు ఎంత మంచివో చెబుతాడు. ఈ గదిలోకి స్టూళ్ళు వచ్చింది ఆ ఏడాదే. ఆ రెండు సంగతులూ ఇన్నాళ్ళూ విడివిడిగానే తెలిసినందుకు ఆమెకి తన మీద తనకే కోపమొచ్చింది.

ఆమె బయటికి వచ్చేసరికి మేనేజరు ఎదురుపడ్డాడు. గేటుదాకా ఎండలో నడిచి, వరుసలో ఉన్న డ్రైవర్లందరినీ కేకలేసి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. లెక్క ఏదని చెయ్యి చాపాడు. ఆమె దాచలేదు, బాబాయి జ్వరమన్న లోడ్లలో సగం చల్లగానే ఉన్నాయని చెప్పింది. లారీ తాళాలు తీసుకుని బండి పక్కకి పెట్టే మనిషి ఒకడుంటే వరుస ఆగదని కూడా చెప్పింది. మేనేజరు రెండో మాట చెవిన పెట్టలేదు. ఇక గోదామే అంటూ బాబాయి వైపు తిరిగాడు, తిరిగినవాడు తూలి పక్కనున్న క్రేటు పట్టుకున్నాడు.

బాబాయి ఆయన నుదుటి వైపు చూశాడు, కానీ చెయ్యి ఎత్తలేదు. ఎంతైనా మేనేజరు.

అమ్మాయి తన ఎడమచేతి వెనకవైపు ఆ క్రేటుకి ఆనించింది.

"వీటికి బాగా ఉంది సార్. పట్టుకున్నారు కాబట్టి తోడు మీరే కూర్చోవాలి."

ఆయన ఏమంటున్నాడో ఎవరికీ అర్థం కాకముందే, బాబాయి ఒక రెక్కా, ఆమె ఒక రెక్కా పట్టుకుని లోపల కూర్చోబెట్టి దుప్పటి కప్పారు. పక్క స్టూలు మీది డ్రైవరు కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు. మేనేజరు గటగటా తాగి, ఖాళీ గ్లాసు మళ్ళీ చాపాడు.

చాలాసేపటికి బాబాయి తలుపు తీసి, తన సామాను గోదాముకి ఇప్పుడే తీసుకెళ్ళనా అని వినయంగా అడిగాడు. మేనేజరు దుప్పటి మెడదాకా లాక్కుని, ఎదురుగా ఉన్న క్రేట్లని చూస్తూ కూర్చున్నాడు.

"గోదాముకి ఎవరూ వెళ్ళక్కర్లేదు. ఆ తాళాలు తీసుకునే మనిషినెవరినైనా చూడండి. ఇంకో రెండు స్టూళ్ళు వేయించండి" అన్నాడు. తలుపు మూయబోతుంటే, "నన్ను ఇప్పుడే లేపకండి, పళ్ళకి ఇంకా తగ్గలేదు" అన్నాడు.