చించేసిన రంగూన్ ఉత్తరాలు

రంగూన్ నుంచి తిరిగొచ్చేసిన కోటయ్యగారు ఈ రోజు మా పల్లెకు వచ్చారు. అక్కడి తెలుగువాళ్ల రామమందిరంలో మనవాళ్ల పెళ్లిళ్లు, పురుళ్లు, చావులు పుస్తకంలో రాసింది ఆయనే. ఓడ ఎక్కేముందు రేవులో అక్కడి అధికారులు ఆ పుస్తకాన్ని లాగేసుకున్నారట. అప్పట్లో తాను ఇక్కడి ఇళ్లకు రాసిన ఉత్తరాలు చూసి మళ్లీ రాసుకుందామని ఆయన ఆశ. బడిపంతులుగా ఆ ఉత్తరాలన్నీ చదివిపెట్టింది నేనే కనుక వెంట తిరిగాను.

పెళ్లి ఉత్తరాలు, పురిటి ఉత్తరాలు పసుపు మరకలతో సహా పెట్టెల్లోంచి బయటికొచ్చాయి. చావు ఉత్తరం మాత్రం ఒక్క ఇంట్లోనూ లేదు.

పోలమ్మక్క పెద్దకొడుకు రంగూన్‌లోనే పోయాడు. ఆమెను అడిగాను.

"చావు కబురు కాగితం ఇంట్లో పెట్టుకుంటారా అయ్యోరా? గడప బయటే చించెయ్యమన్నది మీరే గదా! చించేసినాం."

నిజమే. ఆనవాయితీ అని ప్రతి ఇంట్లోనూ నేనే చెప్పాను.

ఆమె కోటయ్యగారి వైపు తిరిగింది. "మావోడ్ని ఏడ పూడ్చినారో ఆ పుస్తకంలో రాసినావా అన్నా?"

"రాసినానమ్మా. ఇప్పుడు గుర్తులేదు."

దొరికిన ఉత్తరాల్లో ఉన్నవి మాత్రమే ఎక్కిస్తూ పోతే సాయంత్రానికి ఆయన కొత్త పుస్తకం సగం నిండింది. దాని ప్రకారం రంగూన్‌లో మనవాళ్లు ఎవరూ చనిపోలేదు.

మీలో ఎవరైనా అలాంటి ఉత్తరం చించకుండా ఏ చూరులోనో దాచి ఉంటే చెప్పండి. నా మాట విననందుకు మీకు దణ్ణం పెడతాను.