టౌన్‌హాల్ మీద లియోకాడియా నోరు

మోక్రోవ్ ఊళ్ళో టౌన్‌హాల్ కట్టి మూడొందల ఏళ్ళు దాటింది. కట్టినవాడెవరో ఇటలీ మేస్త్రి. పైకప్పు కనబడకుండా చుట్టూ ఎత్తుగా పిట్టగోడ లేపి, దాని నిండా రాతి ముఖాలు పెట్టాడు. వాననీళ్ళు ఆ ముఖాల నోళ్ళలోంచే కిందికి దూకుతాయి. యుద్ధంలో సగం ముఖాలు రాలిపోయాయి. వాటిని మళ్ళీ చెక్కే పని టియోఫిల్ అనే రాతిపనివాడికి దక్కింది.

టియోఫిల్ చేతిలో పనితనం ఉంది గానీ, నోట్లో మాట లేదు. టౌన్‌హాల్ కింది కమానుల్లో ఉప్పుచేపలమ్మే లియోకాడియా అంటే అతనికి ప్రాణం. రోజూ వచ్చి చేప కొనడం, తలవంచుకుని పోవడం. అంతే!

"ఏమయ్యా, నా పీపాలో చచ్చిన చేపలు కూడా నోరు తెరుచుకునే ఉన్నాయి. నీకేం రోగం?" అని ఆవిడ అందరి ముందూ ఏడిపించేది.

ఆ ఊరి రాతిపనివాళ్ళకో అలవాటుంది. తెలిసినవాళ్ళ ముఖాలే చెక్కుతారు, వాళ్ళనొక మాట అడగను కూడా అడగరు. టియోఫిల్ లియోకాడియాని చెక్కాడు. అయితే నీళ్ళు పోవాలంటే నోరు తెరిచి ఉండాలి కదా! పాపం, అంత ప్రేమగా చెక్కిన ముఖం కాస్తా ఊరందర్నీ తిట్టిపోస్తున్నట్టు తయారైంది.

మొదటి వానకే ఆ నోట్లోంచి నీళ్ళు బొళబొళా దూకి రొట్టెల బండి మీద పడ్డాయి. జనం తలెత్తి చూశారు. ఇంకేముంది!

"ఓరి దేవుడా, లియోకాడియా! పైకెక్కినా నీ నోరు ఆగదే!" అని సంతంతా పగలబడి నవ్వింది.

లియోకాడియా సుత్తి పట్టుకుని, పావడా ఎగదోపి, పరంజా ఎక్కేసింది. పైనున్న టియోఫిల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రాయి పగిలితే ఇక ఈ జన్మకి ఆవిడ ముందు నిలబడలేడు.

"ఇప్పుడే పగలగొడతా! లేదంటే నా నోరు మూయించు!"

టియోఫిల్ చేతిలో ఉలి కింద పెట్టాడు. "ఊరంతా కలిసి మూయించలేకపోయిందండీ. నావల్ల ఎక్కడవుతుంది?"

సుత్తి గాల్లోనే ఆగింది. లియోకాడియా ఆ ముఖాన్ని దగ్గర్నుంచి చూసింది. గడ్డం మీది పుట్టుమచ్చ, తలగుడ్డ కిందినుంచి జారిన ముంగురు, అన్నీ ఉన్నాయి. తనని ఇంత శ్రద్ధగా ఎవరైనా చూశారని ఆవిడకి తెలియనే తెలియదు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఈ పక్కన ఖాళీగా ఉందే, ఇక్కడెవరు?"

"ఇంకా ఎవరూ లేరండీ."

"నీ ముఖం పెట్టు."

"మరి... నా నోట్లోంచి నీళ్ళెలా పోతాయండీ?"

"నీ వాటా కూడా నా నోట్లోంచే పోనీ. నువ్వు మూసుకునే ఉండు. నాకు నువ్వలాగే అలవాటయ్యావు."