మధ్యగది డబ్బా వాంగ్మూలం

వీధిలో ఆమెను కామా అక్క అంటారు. ప్రచురణ సంస్థకు ఇంటి నుంచే ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పాలవాడి చీటీలో సైతం కామా పెట్టందే వదలని మనిషి గనుక, సభ పెట్టకుండానే ఆ బిరుదు వచ్చింది.

మధ్యాహ్నం పేజీలు వస్తాయి. నాలుగింటిలోగా తిరిగి వెళ్లాలి. కొన్నాళ్లుగా రోజూ సరిగ్గా మూడింటికి ఇంట్లో ఇంటర్నెట్ పోయి గంటకుపైగా జాడ లేకుండా ఉండేది. వీధంతా అదే నెట్ కంపెనీ; ఫోన్ సిగ్నల్ మాటలకే చాలీచాలదు. మూడింటిలోపు పని ముగియక అప్పటికి రెండుసార్లు పేజీలు ఆలస్యమయ్యాయి. మూడోసారి అయితే పని వేరొకరికి ఇస్తామని సంపాదకురాలు రాతపూర్వకంగా సెలవిచ్చారు.

ఇంట్లో తెల్ల డబ్బాలు మూడు: ముందుగదిలో, మధ్యగదిలో, వెనకగదిలో. బయటి తీగ వచ్చేది మధ్యగది డబ్బాకే; దాని నుంచి సిగ్నల్ అందుకుని ఇల్లంతా పంచడం మిగతా రెంటి విధి. తమ యాప్‌లో మూడూ పచ్చగానే ఉన్నాయనీ, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ప్లగ్ పీకేస్తున్నారేమో చూసుకోమనీ కంపెనీ ఆయన ఫోన్‌లో చెప్పాడు. పెద్దవాళ్లంటే మామగారొక్కరే. నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫు దిద్దేవాళ్లకు రాతప్రతి పైకి చదివిన గొంతు ఆయనది. ఇక ఆ కంపెనీతో మాట్లాడనని ప్రతిజ్ఞ చేశారు. కంపెనీ తట్టుకుంది.

యాప్ ప్రూఫు, డబ్బా రాతప్రతి అని కామా అక్క సిద్ధాంతం. రాతప్రతి చూడకుండా ప్రూఫు బాగుందనడం ఆమె ధర్మశాస్త్రంలో మహాపాతకం. ఆఫీసు ఫైళ్లు విడగొట్టడానికి నేర్చుకున్న పైథాన్ అనే కంప్యూటర్ భాష కాస్త ఉంది. యాప్ డబ్బాను ఏ మాటలతో అడుగుతోందో కనిపెట్టి, అవే మాటలతో నేరుగా అడిగే ప్రోగ్రాం రాయడానికి కూర్చుంది. నాలుగు రోజులు డబ్బా ‘నువ్వెవరు’ అనడం తప్ప మరో ముక్క మాట్లాడలేదు. పాస్‌వర్డ్ ఇచ్చి చీటీ లాంటిదొకటి పుచ్చుకుని, ప్రతి ప్రశ్నకూ ఆ చీటీ చూపాలని ఐదోరోజు తేలింది. అప్పటినుంచి నిమిషానికో ప్రశ్న, నిమిషానికో జవాబు.

జవాబులను ప్రూఫు దిద్దినట్టే చూశారు. మామగారు ‘బ్రాకెట్టు తెరిచాం, కామా, బ్రాకెట్టు మూశాం’ అంటూ పైకి చదువుతారు. కోడలు ముందురోజు కాగితంతో పోలుస్తుంది. ప్రతి డబ్బా తాను ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెబుతుంది. మధ్యగది డబ్బా దగ్గర ఆయన గొంతు ఆగింది.

"అమ్మాయ్, సాయంత్రం నాలుగున్నరకి దీని వయసు గంటన్నర. నిన్నెంత?"

"గంటన్నరే, మామయ్యగారూ. మొన్న కూడా."

"అంటే ఇది రోజూ మూడింటికి పుడుతోందమ్మా."

పుట్టించిన వారెవరో కింది వరుసలోనే ఉంది: కంపెనీ సర్వర్. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించబోవడం, అది గంటసేపు ఎక్కక మొరాయించడం, మర్నాడు మళ్లీ అదే ముహూర్తం.

కామా అక్క ఆ ప్రోగ్రాంను ఎవరైనా తీసుకునేలా నెట్‌లో పెట్టింది. వారం తిరక్కుండా కంపెనీ ఆయనే ఫోన్ చేశాడు.

"అది అనధికార ప్రోగ్రాం మేడమ్, తీసెయ్యండి. మీ ఒక్క ఇంటికి ఆ అప్‌డేట్ రేపే ఆపిస్తాను."

"మిగతా ఇళ్లకి?"

"వాళ్లెవరూ అడగట్లేదు కదండీ."

"అడగడం తెలియక. అందుకే పెట్టాను. నా గోడమీది డబ్బాని పలకరించడానికి మీ సెలవెందుకు? తీయను."

ఉద్యోగం సంగతి ఆలోచించమని మామగారు ఆ పక్కనుంచి రెండు చేతులతో సైగలు చేశారు. ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పేజీలు ముగియకముందే మూడింటికి నెట్ పోయింది. పేజీలు నాలుగూ ఇరవైకి వెళ్లాయి. వెంట పదకొండు రోజుల డబ్బా జవాబులు, గంటా నిమిషాలతో సహా; నెట్‌లో పెట్టిన ప్రోగ్రాం తీసెయ్యమన్న కంపెనీ ఫోన్ సంగతి కింద రెండు వరుసల్లో. పావుగంటలో సంపాదకురాలి ఫోన్.

"మూడోసారి. క్షమాపణ కూడా రాయలేదేం?"

"తప్పు నాది కాదండీ. ఎవరిదో జతచేశాను."

అవతల చాలాసేపు కాగితాల చప్పుడు. రేపటినుంచి పేజీలు పొద్దున్నే పంపుతానని, నాలుగింటి గడువు మాత్రం నాలుగింటికేనని ఆవిడ తీర్పిచ్చారు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, కంపెనీ వాళ్లు కోర్టు నోటీసు పంపితే ఏం చేస్తావని అడిగారు.

"పంపనివ్వండి," అంది కామా అక్క. "తీయను."