అదే డిస్కులో దాచాను

మా వదిన పోయిందన్న కబురు నాకు షాపులో తెలిసింది. నిజామాబాద్ బస్టాండు వెనక గల్లీలో మాది కంప్యూటర్ రిపేరు దుకాణం. ఆ పొద్దున షట్టరు ఎత్తి గంట కూడా కాలేదు. బోధన్ నుంచి వచ్చిన ఫోటో స్టూడియో ఆయన ఒకరు హార్డ్‌డిస్కు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడి, "అక్క లేదా?" అన్నాడు. "దవాఖానల ఉన్నది. నాకియ్యి, నేను సూస్త" అన్నాను. ఆయన డిస్కును మెల్లగా మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. "ఏం తొందర లేదన్నా, అక్క వచ్చినంకనే వస్త" అన్నాడు. సరిగ్గా అప్పుడే మా అన్న ఫోన్. "మీ వదిన పోయిందిరా తమ్మీ." మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ మాట వింటున్నప్పుడు కూడా నా కన్ను ఆయన సంచి మీదే ఉంది.

ఆమెను తలుచుకుని నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. రాయబోతే ముందుగా నా కుళ్ళే గుర్తుకొస్తోంది. దాన్ని పక్కన పెట్టి రాస్తే మా వదిన గురించి సగమే చెప్పినట్టు.

వదిన పుట్టిల్లు రుద్రూర్ దగ్గర. చెరుకు చేలల్లో పెరిగిన మనిషి, పదో తరగతితో చదువు ఆగింది. మా అన్న పసుపు మార్కెట్ యార్డులో గుమస్తా. పెళ్ళై వచ్చాక అందరి ఇళ్ళలో లాగే ఆమె కూడా చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. నేనేమో హైదరాబాదులో కోర్సు చేసి వచ్చినవాణ్ణి. సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి దుకాణంలో గోడకు తగిలించాను. ఆమె మధ్యాహ్నం నాకు టిఫిన్ డబ్బా తెచ్చేది. నేను తినేదాకా వెనక స్టూలు మీద కూర్చుని, ఖాళీ డబ్బా పట్టుకుని పోయేది.

ఒక రోజు పెళ్ళి ఫోటోలు డిలీట్ అయ్యాయని ఒక పెద్దాయన లబోదిబోమంటూ వచ్చాడు. డిలీట్ చేసినా ఫోటో ఎలా మిగిలి ఉంటుందో నేను అరగంట పాఠం చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడే గాని బుర్రకు ఎక్కలేదు. వెనక నుంచి వదిన అందుకుంది.

"కట్ట మీది కాగితం సినిగితే లోపల బీడీలు యాడికి పోతయి బాపు? పేరే పోయింది. ఆ జాగల ఇంకోటి తెచ్చి పెట్టేదాంక అవి ఆడనే ఉంటయి."

ఆయన ముఖం విప్పారింది. నా కడుపు మండింది. ఆ మంట అప్పుడు మొదలైంది.

పని నేర్పింది నేనే. ఆ మాట ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాణ్ణి, అడగకపోయినా. బీడీలు మానేసి ఆమె రోజంతా దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాక, ఏడాది తిరిగేసరికి జనం ఆమె కోసమే రావడం మొదలైంది. కందకుర్తి నుంచి, డిచ్‌పల్లి నుంచి, నది దాటి మహారాష్ట్ర నుంచి కూడా. నేను ప్రింటర్లు, కీబోర్డులు చూసుకునేవాణ్ణి. "ఉస్తాద్ లేదా?" అని నన్నే అడిగేవాళ్ళు, నా దుకాణంలో నిలబడి!

ఆమెకు నాకంటే ఎక్కువ తెలుసా అంటే, తెలియదు. ఈ మాట ఇప్పుడూ అంటాను. కానీ ఆమె ఎప్పుడూ మొదట డిస్కును ముట్టేది కాదు. మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, ఒకటే అడిగేది. "పోయినంక ఏమేం జేసినవ్? నిజం జెప్పు, నేనేమన." వాళ్ళు చెప్పేవాళ్ళు. భయపడి రెండుసార్లు విండోస్ వేశామని, మేనల్లుడు సినిమాలు ఎక్కించాడని, కోపంతో నేలకేసి కొట్టామని. అదే ప్రశ్న నేను అడిగితే "ఏం జెయ్యలే సార్" అనేవాళ్ళు, ఎందుకంటే నేను తిడతానని అందరికీ తెలుసు. ఆమె విన్నదాన్ని బట్టి ఎక్కడ వెతకాలో తెలుసుకునేది. నేను చీకట్లో చేతులాడించేవాణ్ణి.

దొరికిన ఫైళ్ళలోంచి ఒక్కటే తెరిచేది, అదీ యజమాని పేరు చెప్పి అడిగిన ఫైలు మాత్రమే. తెరిచే ముందు స్క్రీను వాళ్ళ వైపు తిప్పి, తను గోడ మీది క్యాలెండరు చూస్తూ "నీదేనా?" అనేది. ఎవరి ఇంటి సంగతీ ఆమె కంట పడలేదు. దీనికి కూడా నేను నవ్వేవాణ్ణి. "ఏమో పెద్ద డాక్టరమ్మ" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆమె ముసిముసిగా నవ్వి ఊరుకునేది. ఆ ఊరుకోవడం నాకు ఇంకా ఒళ్ళు మండించేది.

ఇక అసలు సంగతికి వస్తాను.

డిచ్‌పల్లి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వచ్చింది. ఐదేళ్ళ థీసిస్ రాత. ల్యాప్‌టాప్‌లో జాగా లేదని, మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి చేరిందనుకుని అసలు ఫోల్డర్‌ను పూర్తిగా తుడిచేసింది. తీరా చూస్తే పెన్‌డ్రైవ్‌లోకి పోయింది షార్ట్‌కట్ ఒక్కటే. నెలలో సమర్పించాలి. "అక్క లేరా సార్?" అంది. వదిన ఆ రోజు చుట్టాలతో కందకుర్తి పోయింది. "అక్కకు నేర్పిందే నేను. కూర్సో" అన్నాను.

ల్యాప్‌టాప్ డిస్కు విప్పి చూస్తే ఫైళ్ళు కనబడ్డాయి. చాలా మట్టుకు బాగానే ఉన్నాయి. తీసినవాటిని వేరే డిస్కులో దాచాలి, అది ఈ పనిలో మొదటి పాఠం. అదే డిస్కులో దాస్తే, తీసిన ఫైలు వెళ్ళి ఇంకా తీయని ఫైలు మీద కూర్చుంటుంది. కింది ఫైలు ఇక ఎవరికీ దొరకదు. ఖాళీ డిస్కులు వదిన సొరుగులో ఉన్నాయి, తాళంచెవి ఆమె నడుముకు ఉంది. ఫోన్ చేస్తే ఇంకో తాళంచెవి ఎక్కడుందో చెప్పేది. కానీ ఫోన్ చేస్తే, పని నేను చేస్తున్నానని, ఆమె లేకుండా నాకు జరగదని తెలిసిపోతుంది. నేను చేయలేదు. కొంచెమే కదా, ఏం కాదులే అని అదే డిస్కులో దాచాను.

నాలుగు అధ్యాయాలు వచ్చాయి. ఐదోది, ఆరోది తెరిస్తే చెత్త అక్షరాలు. "అక్క వచ్చినంక ఇంకోసారి సూద్దాం" అని అమ్మాయిని పంపించేశాను. దాచిన ఆ నాలుగింటినీ తుడిచేసి, డిస్కు ఎట్లా వచ్చిందో అట్లాగే ఉన్నట్టు వదిన బల్ల మీద పెట్టాను.

మర్నాడు వదిన అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది. "దీంట్ల ఏమన్న ఎక్కించినవా తమ్మీ?"

"లేదొదినా."

మూడు రోజులు ఆమె దాని ముందు నుంచి లేవలేదు. నాలుగు అధ్యాయాలు తీసింది, ఐదోదాంట్లో కొంత తీసింది. ఆరోది రాలేదు. మూడో రోజు సాయంత్రం స్క్రీను మీంచి కళ్ళు తీయకుండా, "ఈ నడుమనే ఎక్కించిన ఆనవాళ్ళు కనబడ్తున్నయి" అంది.

"గా పిల్లనే ఏదో జేసుంటది" అన్నాను.

వదిన నా వైపు చూసింది. "గట్లనా" అంది.

అమ్మాయి వచ్చినప్పుడు ఏం చెబుతుందోనని నేను ప్రింటర్ విప్పుతున్నట్టు నటిస్తూ చెవులు అక్కడే పెట్టాను. "డిస్కు పాతది బిడ్డా, నీ తప్పేం లేదు, ఎవ్వరి తప్పు లేదు" అంది వదిన. తర్వాత పది రోజులు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, పాత ప్రింట్లలోంచి ఐదోదాంట్లో పోయిందీ, ఆరో అధ్యాయమూ తిరిగి టైపు చేయించింది. సగం ఆమే కొట్టింది. సమర్పణ ఆగలేదు. పుస్తకం బైండు చేయించి ఆ అమ్మాయి మాకు ఒకటి తెచ్చిచ్చింది. కృతజ్ఞతల పేజీలో మా వదినకు నాలుగు వరుసలు రాసింది. అందులో నా పేరు లేదని ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఇంత చేసి, నేను! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో నవ్వొస్తుంది.

వదినకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరి దవాఖానలో చేరాక, ఇక ఆగకూడదని, అన్న ఫోన్ రావడానికి ముందు రోజు సాయంత్రం కొబ్బరిబోండాం కొట్టించుకుని బయలుదేరాను. దారంతా మాటలు కూడగట్టుకున్నాను.

గది తలుపు ఓరగా ఉంది. లోపల ఎవరో ఆడమనిషి ఏడుస్తూ మాట్లాడుతోంది. ఇంటి ఫోటోలన్నీ ఉన్న డిస్కు పట్టుకుని దవాఖానకే వచ్చేసింది! ఇక్కడ కూడానా అని నా కడుపు మళ్ళీ భగ్గుమంది. లోపలికి అడుగు పెట్టబోయి ఆగాను.

వదినకు మాట సరిగా రావడం లేదు. మాట మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "నేనిగ సూడలేనమ్మా. మా మరిది దగ్గరికి పో. నాకు పని నేర్పింది గాయనే."

"ఆయన కోపం చేస్తడంటరు అక్కా" అందామె.

"పైకి గట్లుంటడు. నువ్వు భయపడకు. గాయన చేతిల పడ్డది ఏదీ పోదు."

నేను లోపలికి పోలేదు. ఎదురుగా వచ్చిన నర్సు "ఎవరు కావాలె?" అని అడిగితే ఎవరూ వద్దన్నట్టు తల ఊపాను. రేపు చెబుదామనుకుని మెట్లు దిగాను. చేతిలో బోండాం అట్లాగే ఉంది. దాని నీళ్ళు ఒలికి చొక్కా చేతి దాకా తడిసిందని బయట రోడ్డు మీదికి వచ్చాక చూసుకున్నాను.