ఆరో దీపం

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున మా పై అంతస్తు కాక కన్నుమూశాడు. మొదట తెలిసింది నాకే. తెలిసిన తీరు తలచుకుంటే ఇప్పటికీ ఆయన మీద కోపమే వస్తుంది.

కాక సచిన్ అనే మిల్లుల పేట‌లో మగ్గాల కరెంటు పని చేసి మానుకున్న ఒంటరి మనిషి. మోకాళ్ల నొప్పులతో నేను మేడెక్కి నీళ్లు చూసి రావడం చూశాడు. మా డిండోలి బిల్డింగులో ఐదు ట్యాంకులకూ బ్యాటరీ సెన్సర్లు బిగించాడు. ఎన్ని నీళ్లున్నాయో అవి వైరు లేకుండానే మా వంటింట్లో ఆయన పెట్టిన దీపాల పెట్టెకు చెబుతాయి. ఒక్కోదానికి ఒక్కో నిమిషం వంతు. ఆరింటికి మొదటిది, ఆరూ ఒకటికి రెండోది. వంతు రాగానే లేచి, చెప్పి, పడుకోవాలి. పెట్టె కూడా ఆ నిమిషాల్లోనే మేలుకుంటుంది.

"మాట్లాడుడే కాదు బిడ్డా, ఎవరన్న మాట్లాడ్తరేమోనని చెవులు పెట్టి కూసున్నా బ్యాట్రీ ఒడుస్తది" అనేవాడు.

నాకు ఈ నిమిషాల గోల నచ్చలేదు. ఆయన ఊళ్లో లేనప్పుడు, ఆయన నేర్పిన మీటలే నొక్కి, అన్నిటినీ సరిగ్గా ఆరింటికి మార్చాను. ఎంతో పద్ధతిగా అనిపించింది. మర్నాడు ఒక్కటీ వినబడలేదు. అన్నీ కలిసి అరిచి, ఎవరి మాటా అందక మళ్లీ మళ్లీ అరిచి, వారంలో బ్యాటరీలు చచ్చాయి.

"ఏంది గిది? నల్లా కాడ లొల్లి పెట్టినవ్!" అని నవ్వి, ఆ వయసులో నిచ్చెనెక్కాడు. కింద నిచ్చెన పట్టుకుని ఆయన్నీ నన్నూ కలిపి తిట్టుకున్నాను.

ఆరో వంతు తనకే పెట్టుకున్నాడు. ఆయన తలుపు పక్కన ఒక మీట, దానికో చిన్న గడియారం. ఆరూ ఐదుకు నొక్కితే మా పెట్టె మీద ఆరో దీపం వెలుగుతుంది. లేచానని, చాయ్ పెట్టమని అర్థం.

"ఫోన్ చెయ్యొచ్చు కద కాకా?"

"ఫోన్ చేస్తే అర్ధగంట తిడ్తవ్. గిదే జర నయం."

మంగళవారం ఐదు దీపాలు వెలిగాయి. ఆరోది లేదు. మీట గడియారం మళ్లీ వెనకబడి, మా పెట్టె పడుకున్నాక నొక్కాడనుకున్నాను. ఎన్నిసార్లు చెప్పినా సరిచేసుకోడు! చాయ్ గ్లాసుతో, నోటినిండా తిట్లతో మెట్లెక్కాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన ఇంకా మంచం మీదే ఉన్నాడు.

మొన్న కొత్త ట్యాంకు పెట్టారు. ఖాళీగా ఉన్న ఆరో వంతు దానికి ఇవ్వమన్నారు. ఏడోది ఇచ్చాను. రోజూ ఆరూ ఐదుకు మా పెట్టె లేస్తుంది, నిమిషంసేపు వింటుంది, మళ్లీ పడుకుంటుంది. బ్యాటరీ దండగ. కాక ఉంటే తిట్టేవాడు.